పట్నపు తల్లి వెదకుచున్న పల్లె సంపద

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



మేము మీ గ్రామములకు వచ్చినపుడెల్ల ప్రభుత్వ పథకములను గురించియే చెప్పుట వాడుక. రుణములు, రోడ్లు, మంచినీరు, మరుగుదొడ్లు, ఇవియే మా ప్రసంగములకు విషయములు. నేడు అందుకు కొంత భిన్నముగా ఒక తల్లి మాటలను మీ ముందుంచదలచినాము. ఆమె పల్లెలో పుట్టినది, పట్నములో చదివినది, ఇప్పుడు హైదరాబాదు హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. వయస్సు ముప్పది యేండ్లకు లోపు. రెండేండ్ల కుమార్తె కలదు. తన పేరు చెప్పవలదని కోరినందున ‘ఆ తల్లి’ అనియే పిలిచెదము.

ఉద్యోగము చేయు ఒక పట్నపు తల్లి మాటలతో పంచాయతీ సభ్యులకేమి పని యని మీకు తోచవచ్చును. పని కలదు. ఆమె తన బిడ్డ కొరకు వెదకి, డబ్బిచ్చి కొనుచున్న వస్తువులలో చాల భాగము నిన్న మొన్నటి వరకు మన పల్లెలలో ఉచితముగా దొరికినవే. వాటినే నేడు మనము పెరటిలోనుండి పెరికివేయుచున్నాము. మన ప్రసంగమునకు విషయమిదియే.

గుట్టల నడుమ లేచిన నగరము

హైటెక్ సిటీని మీలో అనేకులు చూచియే యుందురు. మీ బిడ్డలలో కొందరచ్చటనే పని చేయుచుందురు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు మీ గ్రామములవంటి గ్రామములే. ఎటు చూచినను బండరాళ్ళ గుట్టలు, వాటి నడుమ పొలములు. గోల్కొండ కోటకు నీరందించిన దుర్గం చెరువు ఆ గుట్టల మధ్యనే ఉన్నది. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధాని శ్రీ అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ తరువాత అద్దాల మేడలు ఒకదాని వెంట ఒకటి లేచినవి. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరినది. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన వెలసినది.

ఈ అభివృద్ధిని మేము తక్కువ చేయుట లేదు. వేలాది పల్లె కుటుంబములు ఆ మేడలలోని జీతములతోనే అప్పులు తీర్చుకొన్నవి. చెల్లెండ్ల పెండ్లిండ్లు చేసినవి. మేము చెప్పబోవు తల్లియు అట్టి కుటుంబమునకు చెందినదే. తండ్రి రెండెకరముల రైతు. ఆమె చదువు కొరకు ఒక ఎకరము అమ్మవలసి వచ్చినది.

ఆమె కాపురము కొండాపూర్‌లో పదునాలుగవ అంతస్తున. మేము వెళ్ళినపుడు వసారాలో పది మట్టి కుండీలు కనిపించినవి. వాటిలో కరివేపాకు, పుదీనా, తోటకూర, ఒక తులసి మొక్క. ఒక మూల మట్టి కుండలో త్రాగునీరు. తీగపై ఆరవేసిన పొత్తిగుడ్డలు. పది మెట్లు దిగిన వెంటనే మన ఊరి వాకిలి వచ్చునేమో యనిపించినది. కాని క్రిందికి చూచినచో కార్ల వరుసలే.

“ఇవన్నియు ఏదో నియమము పట్టి చేయుచున్నావా, అమ్మా?” అని అడిగితిమి.

ఆమె నవ్వి, “లేదండీ, నేను లెక్క చూచుకొంటిని, అంతే” అని బదులు చెప్పినది.

ఆ తల్లి చూచిన లెక్క

బిడ్డ పుట్టిన మొదటి నెలలో ఇంటికి వచ్చిన సామానులను ఆమె ఒక కాగితముపై వ్రాసికొనెనట. పాల సీసాలు, వాటిని కాచు యంత్రము, తడి తుడుచు కాగితములు, నాలుగు విధముల సబ్బులు, రెండు విధముల నూనెలు, ఆట బొమ్మలు, డైపర్ల పెట్టెలు. బంధువులు కొన్ని తెచ్చిరి. స్నేహితులు కొన్ని పంపిరి. భయపడి తాను కొన్నవి కొన్ని. “ఇన్ని వస్తువులు కొననిచో నేను మంచి తల్లిని కానేమో యను భయము, అయ్యా. ఆ భయమునకే అన్నింటికంటె ఎక్కువ ఖర్చు” అని ఆమె చెప్పిన మాట మాకు మరపునకు రాదు.

డైపర్లను రోజుకు నాలుగు చొప్పున వాడినను రెండేండ్లలో 2,900 దాటునని ఆమె గుణించి చూచినది. వాటిలో ప్లాస్టిక్ పొరలు, తడిని పీల్చు రసాయన పదార్థము ఉండును. అవి నేలలో కలసిపోవు. “నా ఒక్క బిడ్డ రెండేండ్లు వాడిన చెత్త, నా బిడ్డ బ్రతికినంత కాలము ఎక్కడో ఒక గుట్టగా పడియుండునా?” యను ఆలోచన వచ్చిన నాటినుండి ఇంటిలో పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టుకొన్నది. ప్రయాణములో మాత్రము డైపరు వాడుదునని దాపరికము లేకుండ చెప్పినది.

ఇక పాల విషయము. బిడ్డ పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెననియు, ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీరైనను అవసరము లేదనియు, ఆ పిదప ఇంటి ఆహారముతో పాటు రెండేండ్లు, ఆపైనను తల్లిపాలు కొనసాగింపవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పాలపొడి డబ్బాలను, పాల సీసాలను, శిశువుల డబ్బా ఆహారమును ప్రజలలో ప్రచారము చేయరాదని మన దేశములో 1992లోనే చట్టము వచ్చినది. ఆ తల్లికి 26 వారముల ప్రసూతి సెలవు లభించినది. 2017లో జరిగిన చట్ట సవరణ ఫలితమది. సెలవు ముగిసిన పిదప ఆమె పాలను శుభ్రముగా పిండి, ఫ్రిజ్‌లో నిలువ చేసి, ఇంటిలో అత్తగారిచేత గిన్నె, చెంచాతో పట్టించినది. సరళ జీవనమనగా యంత్రమును తాకకుండుట కాదని దీనివలన మనము గ్రహింపవలెను. అవసరమైన యంత్రమును ఉంచుకొని, అనవసరమైన దానిని వదలుటయే సరళత.

ఆరు నెలలు నిండిన పిదప బిడ్డకు ఏమి పెట్టవలెనను ప్రశ్న వచ్చినది. అంగడిలో రంగురంగుల డబ్బాలు కలవు. ఆమె తన తల్లికి ఫోను చేసి, “నాకు ఏమి పెట్టి పెంచితివమ్మా?” అని అడిగినది. “ఏమున్నది బిడ్డా, తైదల జావ, పప్పు బువ్వ” అని తల్లి చెప్పినది. తైదలనగా రాగులు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. అంతే తూకముగల తెల్లని పాలిషు బియ్యములో పది మిల్లీగ్రాములైనను ఉండుట కష్టము. ఎముకలు పెరుగు వయస్సున ఈ తేడా చిన్నది కాదు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ, నేటి జాతీయ పోషకాహార సంస్థ, తార్నాకలోనే ఉన్నది. 2024లో అది వెలువరించిన ఆహార సూచనలలోను ఇంటి ఆహారమునకే పెద్దపీట వేసినది. ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరిన పొట్లముల తిండిని తగ్గింపుమన్నది. పట్నపు శాస్త్రజ్ఞులు, పల్లెటూరి అమ్మమ్మ ఒకే మాట చెప్పిన సందర్భమిది.

బొమ్మల విషయములోను ఆమె అట్లే చేసినది. ఆరు ప్లాస్టిక్ బొమ్మలకు బదులు ఒక ఏటికొప్పాక లక్క బొమ్మ కొన్నది. ఆ బొమ్మలకు గింజలు, ఆకులు, వేళ్ళనుండి తీసిన రంగులు వేయుదురు. పిల్ల నోట పెట్టుకొన్నను దిగులు తక్కువ. ఆ కళను నిలబెట్టిన శ్రీ సి. వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించినది.

ఒక పొరపాటు, ఒక పాఠము

ఇంతవరకు విని, పాతదంతయు మంచిదనియు, కొత్తదంతయు చెడ్డదనియు మీరు తలచినచో పొరపాటగును. ఆ తల్లియు ఒకప్పుడట్లే తలచినది. ఆ కథను ఆమె దాచలేదు.

బిడ్డకు తొమ్మిది నెలలు నిండినవి. తట్టు రాకుండ టీకా వేయింపవలసిన సమయము. “సహజముగా పెరుగు బిడ్డకు సూదులేల? ఒంటికి తానే బలము వచ్చును” అని తెలిసిన వారొకరు చెప్పిరి. ఆమె నమ్మినది. ఒక నెల గడచినది. ఇంతలో అదే అంతస్తులో ఆడుకొను మరియొక బిడ్డకు జ్వరము, ఒంటినిండ ఎర్రని దద్దుర్లు. అది తట్టు అని వైద్యుడు తేల్చి చెప్పినాడు. ఆ ముందటి రోజే ఇద్దరు పిల్లలును ఒకే బొమ్మతో ఆడిరి.

“రెండు వారములు నేను నిద్రపోలేదండీ. గంటగంటకు లేచి బిడ్డ నుదురు తాకి చూచుచుంటిని. కుండలోని నీరు, తైదల జావ, లక్క బొమ్మ, ఇవి ఏవియు ఆ రోజులలో నాకు ధైర్యమియ్యలేదు” అని చెప్పునపుడు ఆమె గొంతు మారినది. అదృష్టవశమున బిడ్డకు ఏమియు కాలేదు. వైద్యుని సలహాపై టీకా వేయించినది. నాటినుండి టీకాల కార్డును దేవుని పటము ప్రక్కన పెట్టినది.

పాతకాలపు అలవాట్లలో వదలదగినవియు కలవు. ముర్రుపాలు పిండి పారబోయుట అట్టిదే. రోగములనుండి బిడ్డను కాచు శక్తి ఆ పసుపుపచ్చని పాలలోనే అధికముగా ఉండును. పుట్టిన బిడ్డకు తేనె నాకించుట మరియొకటి. తేనెలో ఉండగల సూక్ష్మజీవుల వలన ఏడాది నిండని శిశువునకు ప్రమాదము కలుగవచ్చును. ఇంటిలో కాన్పు చేయించుటయు ఇట్టిదే. ఆసుపత్రి కాన్పు, టీకాలు, శుభ్రమైన నీరు, ఈ మూటిని వదలి చేయునది సరళ జీవనము కాదు, నిర్లక్ష్యము. మీ గ్రామములో ఎవరైనను ‘సహజము’ అను మాటతో టీకాను తప్పించుకొనజూచినచో ఈ తల్లి రెండు వారములు నిద్రపోని సంగతిని వారికి చెప్పుడు.

సొంత ఊరిలో ఆమె చూచినది

బతుకమ్మ పండుగకు బిడ్డను తీసికొని ఆమె తల్లిగారి ఊరికి వెళ్ళినది. పట్నములో కష్టపడి సమకూర్చుకొన్నవన్నియు అచ్చట వాకిటనే ఉండునని ఆమె ఆశ.

బస్సు దిగగానే కిరాణా దుకాణము ముందు తోరణములవలె వ్రేలాడు చిప్సు పొట్లములు కనిపించినవి. ఇంటికి వెళ్ళగా అమ్మమ్మ ముచ్చటపడి మనుమరాలి చేతిలో పెట్టినది ఆ పొట్లమే. “పట్నపు పిల్ల, మన తిండి తినునో తినదో యని తెచ్చితిని” అని తల్లి అన్నప్పుడు ఏమి చెప్పవలెనో ఆమెకు తోచలేదట. పెరటిలోని కుంకుడు చెట్టు బండి నిలుపుటకు అడ్డమని కొట్టివేసిరి. తైదలు పండించి ఎన్ని ఏండ్లయినదో తండ్రికి జ్ఞప్తి లేదు. చావడి వద్ద టీ ప్లాస్టిక్ గ్లాసులలో ఇచ్చుచున్నారు. చెరువు కట్ట క్రింద, బతుకమ్మలను వదలు చోట, డైపర్లు, పొట్లములు, గ్లాసులు తేలుచున్నవి.

“మేము పట్నములో డబ్బు పెట్టి కొనుచున్న దానిని మా ఊరు పారవేయుచున్నది, మేము వదలుచున్న దానిని మా ఊరు డబ్బు పెట్టి కొనుచున్నది” అని ఆమె మాతో అన్నది.

సభ్యులారా! ఈ మాటలో నింద లేదు. పల్లెవారు ఎల్లకాలము బీదగానే ఉండవలెనని ఆ తల్లి కోరలేదు; మేమును కోరము. పల్లెతల్లికి వాషింగు మెషిను రావలెను, వంట గ్యాసు రావలెను, పని తగ్గవలెను. కాని వచ్చుచున్న దానిలో మేలేది, కీడేది యని ఎంచుకొను తెలివి మనకుండవలెను. పట్నమునకు చెత్త ఎత్తుటకు వేల మంది పనివారు, వందల బండ్లు కలవు. మన చెరువునకు మనమే దిక్కు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇంటిలో ఏమి వండుకొనవలెనో పంచాయతీ శాసింపజాలదు. కాని మంచిని ఎంచుకొనుట తేలిక చేయగలదు. అట్టి పనులు ఐదింటిని విన్నవించెదము.

మొదటిది నర్సరీ. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామములో నర్సరీ ఉండవలెనని నిర్దేశించినది. అందులో నీడ మొక్కలతో పాటు కుంకుడు, మునగ, కరివేపాకు, ఉసిరి, వేప పెంచుడు. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికి ఒక మునగ, ఒక కరివేపాకు మొక్క పంచాయతీ కానుకగా ఇచ్చినచో అయ్యెడి ఖర్చు అత్యల్పము. మునగాకు పప్పులో ఉన్న బలము ఏ డబ్బాలోను తక్కువ ధరకు దొరకదు.

రెండవది అంగన్‌వాడి. ఆరోగ్యలక్ష్మి పేరున గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు పథకము 2015లో మొదలైనది. ఏడు నెలలనుండి మూడేండ్ల వరకు గల పిల్లలకు బాలామృతము కలదు. ఇవి సక్రమముగా అందుచున్నవా యని నెలకొకసారి సభ్యులు స్వయముగా చూడవలెను. కేంద్రమునకు స్థలమున్నచోట నాలుగు మడుల ఆకుకూరలు వేయింపుడు. టీకాల రోజున ఏ ఇంటి బిడ్డ రాలేదో విచారింపుడు.

మూడవది విందుల చెత్త. 2022 జులై 1వ తేదీనుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు దేశమంతట నిషిద్ధములు. అయినను పెండ్లి మరునాడు మన ఊరి బయట ఏమి కనిపించుచున్నదో మీకు తెలియును. సిద్దిపేట జిల్లా గ్రామములలో స్టీలు బ్యాంకులు పెట్టిరి. మహిళా సంఘము వద్ద స్టీలు పళ్ళెములు, గ్లాసులు ఉండును. శుభకార్యమునకు స్వల్పమైన అద్దెకు తీసికొని, కడిగి తిరిగి ఇత్తురు. ఊరు శుభ్రము, సంఘమునకు ఆదాయము. మోదుగ విస్తళ్ళు కుట్టువారున్న ఊరిలో వారికిని పని దొరకును.

నాలుగవది చెత్తను వేరు చేయుట. పల్లెప్రగతి క్రింద ట్రాక్టర్లు, చెత్త వేరు చేయు షెడ్లు సమకూరినవి. షెడ్డు ఉన్నంత మాత్రమున చాలదు. తడి చెత్త ఎరువు కావలెను. పొడి చెత్త అమ్మకమునకు పోవలెను. ప్లాస్టిక్‌ను కుప్పవేసి కాల్చుట మాత్రము మానుడు. ఆ పొగలోని విషము మొదట చేరునది ప్రక్క ఇంటి ఉయ్యాలలోని బిడ్డకే.

ఐదవది పంట. రసాయనములు లేని తిండిని పట్నపు తల్లులు వెదకుచున్నారు. దానిని పండింపగలవారు మీరు. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలములోని ఏనబావి గ్రామము ఎర్ర గొంగళి పురుగును మందులు లేకుండ ఎదుర్కొనుటతో మొదలుపెట్టి, క్రమముగా ఎరువులు, మందులు అన్నియు మాని, 2006లో రసాయనములు లేని గ్రామముగా తన్ను ప్రకటించుకొన్నది. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు జొన్న, కొర్ర, సామ విత్తనములను తరతరములకు కాపాడుచున్నారు; 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటరు బహుమతి వారికి లభించినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. ఆ పంటలపై పరిశోధన చేయు భారతీయ చిరుధాన్యముల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగరములోనే ఉన్నది. విత్తనము, సలహా కావలెనన్నచో దూరము పోనక్కరలేదు. పది మంది రైతులు ఒక్కొక్క అర ఎకరములో వేసి చూడుడు. మొదట మన అంగన్‌వాడికి, మన ఇండ్లకు, మిగిలినది పట్నమునకు. అమ్మవలెనను ఆశతో ఉన్నదంతయు అమ్మివేసి మన పిల్లలకు చిప్సు పొట్లము కొనియిచ్చినచో ఈ ప్రయత్నమంతయు వ్యర్థము.

ముగింపు

ఆ తల్లి తిరిగి పట్నము వెళ్ళుటకు ముందు పంచాయతీ కార్యాలయమునకు పోయి సర్పంచిని కలసినదట. ఏదో ఫిర్యాదు చేయవచ్చినదని ఆయన కుర్చీ చూపి, “చెప్పు బిడ్డా” అన్నాడు. ఆమె ఒక కుంకుడు మొక్క అడిగినది. నర్సరీలో లేదు. ఆయన కొంత సిగ్గుపడి, వచ్చే ఏటికి గింజలు పోయించెదనని మాట ఇచ్చినాడు, మాట నిలుపుకొన్నాడు. మరుసటి వానాకాలమున ఆమె వచ్చి, కొట్టివేసిన చెట్టుకు పది అడుగుల దూరములో, బండికి అడ్డము లేని చోట మొక్క నాటినది. ఆమె తల్లి రోజు నీరు పోయుచున్నది.

“ఆ చెట్టు కాయుటకు ఎన్ని ఏండ్లు పట్టునమ్మా?” అని మేమడిగితిమి.

“చాలనే పట్టునండీ. అప్పటికి నా బిడ్డకు జడ వేయు వయస్సు వచ్చును. దాని తలకు ఆ కాయలతోనే అంటవలెనని నా కోరిక” అన్నది.

సభ్యులారా! మీ పదవీకాలము ఐదేండ్లు. కుంకుడు చెట్టు అంతకంటె ఎక్కువ కాలము తీసికొనును. దాని కాయలు కోయునాటికి మీరు పదవిలో ఉండకపోవచ్చును. అయినను ఈ వానాకాలము మీ నర్సరీలో దాని గింజలు పోయింపుడు. మీ ఊరి బిడ్డ ఏదో ఒకనాడు పట్నమునుండి వచ్చి అడిగినపుడు, లేదను మాట మీ నోట రాకుండును గాక.

సెలవు.